మరో వందకీ మనోడే

వెర్నా కాస్టిగన్‌కి అబద్ధం చెప్పడం రాదు. అరవై ఒక్కేళ్ళ బతుకులో ఆ విద్య నేర్చుకునే తీరికే ఆవిడకి దొరకలేదు. పొద్దున గంట, మధ్యాహ్నం గంట మెల్‌బోర్న్‌లోని న్యూపోర్ట్ బడి ముందు 'ఆగండి' అని రాసిన పలక పట్టుకుని పిల్లల్ని రోడ్డు దాటిస్తుంది. మిగిలిన పొద్దంతా పెలికన్స్ జట్టుదే; బంతిని చేత్తో పట్టి కాలితో తన్నే ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ వాళ్ళది. భర్త లెస్ పదిహేనేళ్ళ కింద ఇంకొకావిడతో క్వీన్స్‌లాండ్ వెళ్ళిపోయాడు. అప్పుడు కాస్త ఏడ్చింది. అక్కడ రగ్బీ చూడ్డం మొదలుపెట్టాడని తెలిశాక మాత్రం, ఇంక ఆ మనిషి బాగుపడడని తేల్చేసి ఏడుపు మానేసింది.

అలాంటి మనిషి జులై నుంచి సెప్టెంబరు చివరిదాకా నోరు కుట్టేసుకుని తిరగాల్సి వచ్చింది. దానికంతటికీ మూలం ఇరవై మూడో నంబరు కుర్రాడు, కోబీ హాల్డన్.

కోబీ పద్దెనిమిదేళ్ళప్పుడు దేశానికి ఆ చివర, పెర్త్ వైపు బన్‌బరీ నుంచి వచ్చాడు. జట్లు కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్టులో ఎవరు పిలిస్తే అక్కడికి పోవాలి గదా, పెలికన్స్ పిలిచింది, వచ్చాడు. అంత దూరం నుంచి వచ్చిన కుర్రాళ్ళని మొదటి రెండేళ్ళూ క్లబ్బువాళ్ళు ఎవరో ఒక అభిమాని ఇంట్లో పెడతారు, వేళకి తిని పడుకుంటారని. అలా వెర్నా ఇంటి వెనకగదికి చేరాడు. గుడ్డలు ఉతుక్కోవడం వచ్చేది కాదు. ఆకుపచ్చ చొక్కాలతో కలిపి తెల్ల నిక్కర్లు ఉతికి, లేతాకుపచ్చ నిక్కర్లతో ప్రాక్టీసుకి వెళ్ళి అందరిచేతా నవ్వించుకున్నాడు. మూడో ఏడు సొంతంగా ఫ్లాట్ తీసుకున్నా మంగళవారం రాత్రి భోజనం మాత్రం వెర్నా దగ్గరే. వెర్నా తన ఆకుపచ్చ కోటు వీపు మీద తెల్లగుడ్డతో 23 అని కుట్టుకుంది. అభిమాన సంఘంలో అందరూ తమకి నచ్చినవాడి అంకె అలా వీపున మోస్తారు. ఆ అంకె చూసి మనిషి ఎవరి తాలూకో చెప్పెయ్యొచ్చు.

జులైలో ఒక మంగళవారం కోబీ పళ్ళెంలో మాంసాన్ని అటూ ఇటూ నెడుతూ కూర్చున్నాడు.

"ఏంట్రా, ఉప్పెక్కువైందా?" అంది వెర్నా.

"కాదు వెర్నమ్మా. సీజను అయిపోగానే వెళ్ళిపోతా."

"వెళ్ళరా, నిన్నెవడాపాడు? మీరంతా బాలీ పోతారుగా తాగి తందనాలాడ్డానికి."

"బాలీ కాదు. ఇంటికి. పెర్త్ జట్టుకి మార్చమని అడుగుతా."

వెర్నా చేతిలో గ్రేవీ గిన్నె ఉంది. దాన్ని బల్ల మీద పెట్టడం మరిచిపోయి అలాగే నిలబడింది. కోబీ ఫోన్ తీసి చూపించాడు. వాడి కూతురు టిల్లీ, మూడేళ్ళది, తల్లి దగ్గర బన్‌బరీలో పెరుగుతోంది. ఆ పిల్ల ఉందన్న సంగతి జట్టువాళ్ళు తప్పిస్తే మెల్‌బోర్న్‌లో వెర్నా ఒక్కదానికే తెలుసు.

"షాపులో ఎవరి చేతిలో ఫోన్ కనపడినా 'నాన్నా' అంటోందంట," అన్నాడు. "మొన్న నేనెళ్ళి ఎదురుగా నిలబడితే వాళ్ళమ్మ వెనక్కి పోయి దాక్కుంది. ఫోన్లో అయితే ముద్దులు పెడద్ది."

వెర్నా గ్రేవీ గిన్నె బల్ల మీద పెట్టింది.

"ఆఖరాట అయ్యేదాకా ఎవరికీ చెప్పకు, వెర్నమ్మా. బయటికొచ్చిందంటే నా ఆట చూడరు, నా మొహం చూస్తారు. ఒక్క బంతి జారినా కావాలనే వదిలేశాడంటారు. మాటివ్వు."

ఇచ్చింది. వాడు వెళ్ళాక గిన్నెలు తోముతూ ఏడ్చింది. వాడి మీద జాలేసింది, పిల్ల మీద ఇంకా జాలేసింది, వీటన్నిటికీ మించి పట్టరాని కోపమొచ్చింది. ఐదేళ్ళు తిండిపెట్టి పెంచి పెర్త్ వాళ్ళకి అప్పగించాలా? పెర్త్ వాళ్ళకి!

అక్కడితో ఆవిడ సుఖం పోయింది.

పెలికన్స్ అభిమాన సంఘం ప్రతి గురువారం సాయంత్రం స్కౌట్ల హాల్లో చేరుతుంది. జట్టు మైదానంలోకి వచ్చేటప్పుడు చీల్చుకుంటూ పరిగెత్తే పెద్ద కాగితపు బ్యానరు అక్కడే తయారవుతుంది. క్రేప్ కాగితం చుట్టలు నేలంతా పరిచి, టేపుతో అతికి, దాని మీద అక్షరాలు అంటిస్తారు. కాగితం చిరగకుండా బూట్లు గుమ్మం బయటే వదిలి మేజోళ్ళతో తిరుగుతారు. డెబ్భై ఏళ్ళ ముసలమ్మలు కూడా మోకాళ్ళ మీద పాక్కుంటూ మూడు గంటలు కష్టపడి కట్టినది శనివారం మూడు సెకన్లలో పేలికలవుతుంది. దానికెవరూ బాధపడరు. వెర్నా పంతొమ్మిదేళ్ళుగా అక్షరాలు కత్తిరిస్తోంది. హాలు తాళంచెవి కూడా ఆవిడ దగ్గరే ఉంటుంది.

సంఘానికి పెద్ద డోరీన్ మెక్‌క్రీడీ, డెబ్భై మూడేళ్ళావిడ. కుట్టుమిషన్ల కంపెనీలో సూపర్‌వైజరుగా చేసి రిటైరైంది, సూపర్‌వైజరుతనం మాత్రం రిటైరవలేదు. ఆవిడ పెట్టిన నియమం ఒక్కటే: హాల్లో ఉన్నవాళ్ళ మధ్య దాపరికం ఉండకూడదు, హాల్లో మాట బయటికి పోకూడదు. ఇక రెండో గొంతు స్పైరోది. ఆల్టోనాలో టైర్ల షాపు. పొద్దున ఏడింటికి స్పోర్ట్స్ రేడియోకి ఫోన్ చేసి, ఎవర్ని అమ్మాలో ఎవర్ని కొనాలో చెప్పకపోతే ఆయనకి కాఫీ దిగదు. రేడియో వాళ్ళు కూడా "ఆల్టోనా స్పైరో లైన్లో ఉన్నాడు" అని ముందే నవ్వేస్తారు.

ఆగస్టులో పుకారు పుట్టింది. పెర్త్ జట్టు కోబీ మీద కన్నేసిందని ఎవడో రాశాడు. ఆ గురువారం హాల్లో ఇంకో ముచ్చటే లేదు.

"ఇంటి బెంగంట, ఇంటి బెంగ!" అన్నాడు స్పైరో, టేపు పళ్ళతో తెంపుతూ. "మా నాన్న పడవెక్కి గ్రీసు నుంచి వచ్చాడు. ఆయనకి లేదా బెంగ? అడిగాడా ఎవణ్ణన్నా, నన్ను తిరిగి గ్రీసుకి ట్రేడ్ చెయ్యండని?"

అందరూ పడీ పడీ నవ్వారు.

"మనోడు అలాంటోడు కాదులే," అంది డోరీన్. "మన వెర్నా చేతి కూడు తిన్నోడు. ఏమే వెర్నా, నీకు చెప్పకుండా పోతాడా?"

"నాకు చెప్పకుండా పోడు," అంది వెర్నా. ఆ మాటలో అబద్ధం లేదు. అయినా చెవులు ఎర్రబడి మండాయి. తల వంచుకుని కత్తెర ఆడిస్తూ పోయింది. చూసుకుంటే అక్షరం కొమ్ము తెగిపోయింది.

రోడ్డు మీదా అదే గోల. పిల్లల్ని దాటించడానికి పలక పట్టుకుని నడిరోడ్డు మీద నిలబడితే ఆగిన కారు అద్దం దిగేది. "వెర్నా, కోబీ ఉంటాడా?" అని ఒక తండ్రి. అటువైపు కార్లోంచి "వదిలెయ్యమనండి, బదులుగా డ్రాఫ్టులో ముందు వరస కుర్రాళ్ళిద్దరొస్తారు!" అని ఇంకొక తల్లి. పలక దించితే పిల్లలకి ప్రమాదం, దించకపోతే ఈ ప్రశ్నలు. ఇరవై ఏళ్ళుగా ఇష్టంగా చేసిన పని మీద వెర్నాకి మొదటిసారి విసుగొచ్చింది. ఇంట్లో రేడియో పెట్టుకోవడం కూడా మానేసింది. మంగళవారాలు కోబీ వచ్చినప్పుడు ఇద్దరూ ఆ సంగతి తప్ప అన్నీ మాట్లాడుకునేవారు. వాడు ఎంత బాగా ఆడితే ఆవిడకి అంత దిగులు పుట్టేది. వాడు ఎప్పుడూ లేనంత బాగా ఆడుతున్నాడు మరి.

ఆ ఊపులో పెలికన్స్ ఫైనల్స్‌కి చేరి, రెండు గెలిచి, గ్రాండ్ ఫైనల్‌కి ఒక్క మెట్టు కింద నిలబడింది. పద్దెనిమిదేళ్ళ తర్వాత. ఆ ఆటే కోబీకి వందో ఆట కూడా. వందో ఆట ఆడేవాడు జట్టు కంటే ముందు, ఒక్కడే, బ్యానరు చీల్చుకుని రావాలి. ఆ బ్యానరు మీద వాడి పేరుండాలి.

గురువారం డోరీన్ కళ్ళజోడు సర్దుకుని కాగితం విప్పింది. "వినండి. 'వంద ఆటల కోబీ మనోడు, మరో వందకీ మనోడే!' ఎలా ఉంది?"

హాలు చప్పట్లతో అదిరిపోయింది. స్పైరో ఈల వేశాడు.

వెర్నా మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. "రెండో ముక్క వద్దేమో, డోరీనక్కా," అంది. "చోటు చాలదు."

"చాలదా?"

"అక్షరాలు ఎక్కువైపోతాయి. ఇరుకైపోద్ది. దూరం నుంచి చదవలేరు."

డోరీన్ కొలత టేపు పట్టుకుని ఈ చివరి నుంచి ఆ చివరికి పాకింది. అంత వయసులో అంత దూరం పాకి, తిరిగొచ్చి, "ఇంకా రెండు జానల చోటు మిగిలింది," అంది. "పంతొమ్మిదేళ్ళ నుంచి కోస్తున్నావు, నీకీ లెక్క తెలీదా? ఒంట్లో బాగాలేదేమిటే?"

"నిద్ర చాలట్లేదు."

"ఎవరికి చాలుతోంది? గెలిచాక పడుకుందువుగానిలే. కొయ్యి."

ఇక కోసింది. 'మ' కోసింది, 'రో' కోసింది. ఒక్కో అక్షరం కోస్తుంటే ఎవరి మీదో దొంగసాక్ష్యం చెబుతున్నట్టుంది. వద్దని గట్టిగా అంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే మాట తప్పినట్టు. చెప్పకపోతే తనవాళ్ళందర్నీ వెర్రివాళ్ళని చేసినట్టు. తప్పించుకునే దారి ఏ వైపునా కనబడలేదు. 'మనోడే' అన్న మాట తనే దగ్గరుండి అంటించింది. తప్పు పని అయినా వంకరగా ఉండకూడదు కాబట్టి తిన్నగా అంటించింది.

శనివారం మెల్‌బోర్న్ పెద్ద మైదానం ఎమ్‌సీజీలో ఎనభై వేల మంది. వెర్నా బ్యానరు తాడు పట్టుకుని గడ్డి మీద నిలబడింది. గాలి కాగితాన్ని గుంజుతుంటే చేతులు కోసుకుపోతున్నాయి. ఆటగాళ్ళు వచ్చే సొరంగంలోంచి కోబీ ఒంటరిగా బయటికొచ్చాడు. వందో ఆటకి వచ్చేవాళ్ళలో పిల్లలున్నవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని వస్తారు, అదొక ముచ్చట. వీడు ఖాళీ చేతులతో వచ్చాడు. ఆ చేతుల్ని ఏం చెయ్యాలో తెలియనట్టు ఒకసారి నిక్కరుకి తుడుచుకున్నాడు. తలెత్తి బ్యానరు చదివాడు. రెండో ముక్క దగ్గర వాడి చూపు ఆగింది. అక్కడి నుంచి తిన్నగా తాడు చివర ఉన్న వెర్నా మొహం మీదికి వచ్చింది. ఆవిడ తల దించేసుకుంది. వాడు కళ్ళు మూసుకుని పరిగెత్తాడు. 'మనోడే' నిలువునా చిరిగిపోయింది.

ఆట గురించి ఎక్కువ చెప్పను. చూసినవాళ్ళు ఇప్పటికీ మరిచిపోలేదు, చూడనివాళ్ళకి చెప్పినా అర్థం కాదు. నాలుగు పావుల ఆటలో మూడో పావు అయ్యేసరికి రెండు జట్లూ సమానం. గోల్ స్తంభాల వెనక సంఘం వరసల్లో అందరూ గోళ్ళు కొరుక్కుంటున్నారు. డోరీన్ జపం చేస్తున్నదానిలా పెదాలు కదుపుతోంది. అప్పుడు వెర్నా తన మనసులో ఒక మాట విని ఉలిక్కిపడింది: ఓడిపోతే బాగుండు. ఓడిపోతే ఇవాళతో అయిపోతుంది. గెలిస్తే ఇంకో వారం, ఇంకో గురువారం, ఇంకో బ్యానరు. ఏడేళ్ళ వయసు నుంచీ, జ్వరమొచ్చినా, లెస్ పోయినా, ఏనాడూ అనుకోని మాట అది. పెలికన్స్ ఓడిపోవాలని అనుకుంది. నోరు చేత్తో మూసుకుంది, ఎవరికన్నా వినపడిందేమోనని.

ఆఖరి నిమిషంలో పెలికన్స్ రెండు పాయింట్లు వెనక. కోబీ గాల్లోకి లేచి బంతి పట్టాడు. వెంటనే సైరన్ మోగింది. సైరన్‌తో ఆట అయిపోయినా పట్టినవాడికి తన్నే హక్కు ఉంటుంది. రెండు పెద్ద స్తంభాల నడుమ నుంచి పోతే ఆరు పాయింట్లు, గ్రాండ్ ఫైనల్. వాడు మేజోళ్ళు పైకి లాక్కున్నాడు, ఊపిరి పీల్చాడు, తన్నాడు. బంతి స్తంభానికి తగిలింది. ఆ చప్పుడు పై వరసల దాకా వినపడింది. స్తంభానికి తగిలితే ఒక్క పాయింటే. పెలికన్స్ ఒక్క పాయింటుతో ఓడిపోయింది.

కోబీ గడ్డి మీద బోర్లా పడి లేవలేదు. వెర్నా కోరిక తీరింది. స్పైరో భుజం మీద తల పెట్టుకుని ఏడుస్తున్న ఆవిడని చూసి పాపం ఎంత అభిమానమోనని పక్కవాళ్ళు అనుకున్నారు.

మంగళవారం వార్త బయటికొచ్చింది: హాల్డన్ పెర్త్ పోతానని అడిగాడు. బుధవారం పొద్దున వెర్నా రేడియో పెట్టింది. ఎందుకు పెట్టిందో ఆవిడకే తెలియదు. లైన్లో స్పైరో ఉన్నాడు. ఈసారి ఎవరూ ముందే నవ్వలేదు.

"కావాలనే తన్నాడయ్యా స్తంభానికి! మనసు పెర్త్‌లో, కాలు మెల్‌బోర్న్‌లో. గ్రాండ్ ఫైనల్ గెలిచాక పోతానంటే మొహం చెల్లదని, ముందే కాడి పడేశాడు!"

తర్వాత ఫోన్ చేసినవాళ్ళంతా అదే పాట. సాయంత్రానికి ఎవడో వాడి ఫ్లాట్ గోడ మీద పెయింటుతో బూతు రాశాడు. వెర్నా ఫోన్ చేస్తే కోబీ ఒక్క ముక్కే అన్నాడు. "చెప్పాగా, వెర్నమ్మా. కావాలనే అంటారని."

గురువారం ఆడవాళ్ళ జట్టు ఆటకి బ్యానరు ఉంది. పోకుండా ఉంటే ఇంకో అనుమానం. వెర్నా వెళ్ళి తాళం తీసి, బూట్లు బయట వదిలి, కాగితం పరిచింది. టీ వేళకి డోరీన్ తన సంచిలోంచి చిన్న కత్తెర తీసింది. ఎవరన్నా జట్టు మారితే వాడి అంకెని అందరూ కూర్చుని విప్పడం ఆ హాల్లో మామూలే. ఇద్దరు ముగ్గురు వీపుల మీది 23లు అప్పటికే బల్ల మీద పడున్నాయి. ఆ రోజు నుంచి వాడి పేరు కూడా ఎత్తరు.

"కోటు తియ్యవే, వెర్నా," అంది డోరీన్, మెత్తగానే. "నేనే విప్పుతాలే. నీ చేత్తో నువ్వు విప్పుకోలేవు."

"తిండిపెట్టిన చెయ్యి కదా, అందరికంటే ఎక్కువ మోసపోయింది వెర్నక్కే," అన్నాడు స్పైరో. "కావాలని స్తంభానికి కొట్టినోడికి..."

"కావాలని కొట్టలేదు," అంది వెర్నా.

"నీకు తెలీదక్కా."

"నాకు తెలుసు. జులై నుంచి తెలుసు. వెళ్ళిపోతానని నా వంటింట్లో నాతోనే చెప్పాడు. వాడికో కూతురుంది, మూడేళ్ళది. దానికి వీడు ఫోన్లో ఉంటేనే నాన్న. ఆ పిల్ల కోసం పోతున్నాడు. పోయేలోపు మీకో గ్రాండ్ ఫైనల్ ఇచ్చి పోవాలని ప్రాణం పెట్టి ఆడాడు."

హాల్లో టేపు చప్పుడు ఆగిపోయింది.

"జులై నుంచా?" అంది డోరీన్. ఆవిడ చూపు మెల్లగా నేల మీది కాగితం వైపు పోయి, తిరిగొచ్చింది. "అందుకా చోటు చాలదన్నావు. తెలిసీ కోశావా ఆ అక్షరాలు? మా అందరి చేతా అంటించావా?"

"కోశాను."

"నన్ను ఆ చివరిదాకా పాకించావు."

"పాకించాను, డోరీనక్కా." ఇక్కడితో ఆపితే సరిపోయేది. తిట్టేవారు, నెల తర్వాత మరిచిపోయేవారు. కానీ వాడి గోడ మీది రాత కళ్ళలో మెదిలింది. "ఇంకోటి కూడా చెప్పాలి. మూడో పావు అయ్యాక, సమానంగా ఉన్నప్పుడు, ఓడిపోతే బాగుండనుకున్నా. ఈ దాపరికం ఇంకో వారం మొయ్యలేక. ఆ రోజు ఆ మైదానంలో మనం ఓడిపోవాలనుకున్న పెలికన్ ఎవరన్నా ఉంటే అది వాడు కాదు, నేను."

కూతురి సంగతి విని ఒకరిద్దరి మొహాలు మెత్తబడ్డాయి. ఈ మాటకి అవి కూడా గట్టిపడ్డాయి. డోరీన్ కత్తెర మూసి సంచిలో వేసుకుంది. ఆ కోటు ముట్టుకోవడం కూడా ఆవిడకి ఇష్టం లేనట్టుంది.

"తాళంచెవి అక్కడ పెట్టెళ్ళు," అంది.

వెర్నా పెట్టింది. పంతొమ్మిదేళ్ళ తాళంచెవి బల్ల మీద, విప్పేసిన అంకెల పక్కన. కాగితం చిరగకుండా అంచు వెంబడే నడిచి గుమ్మం దాటింది. కార్ల దగ్గరికి సగం దూరం వెళ్ళాక కాళ్ళు చల్లగా తగిలి చూసుకుంటే మేజోళ్ళతోనే ఉంది. వెనక్కి వెళ్ళాలనిపించలేదు.

"వెర్నక్కా!"

స్పైరో ఆవిడ బూట్లు చేత్తో పట్టుకుని వస్తున్నాడు. తారు మీద ఆయనా మేజోళ్ళతోనే ఉన్నాడు. బూట్లు ఆవిడ ముందు పెట్టి, కాసేపు అటూ ఇటూ చూశాడు.

"మనం ఆ గోల్ వెనకాలేగా ఉన్నాం," అన్నాడు. "బంతి కాలి నుంచి వచ్చినప్పుడు చూశా. మనోడు సరిగ్గానే తన్నాడక్కా. గాలి తీసుకుపోయింది."

"మరి రేడియోలో చెప్పు, స్పైరో. రేపు పొద్దున చెప్పు."

స్పైరో తన మేజోళ్ళ వైపు చూసుకున్నాడు. ఏడింటికి లైన్లోకి వచ్చి ఆ మాట అంటే తన గురువారాలు కూడా పోతాయని ఇద్దరికీ తెలుసు.

"వాడు," అన్నాడు చివరికి. "మనోడు కాదు, వాడు. నోరు జారింది."

తిరిగి హాల్లోకి వెళ్ళిపోయాడు. తలుపు వేసుకున్నాక లోపల టేపు లాగుతున్న చప్పుడు మళ్ళీ మొదలైంది. వెర్నా అక్కడే కాలిబాట అంచున కూర్చుని, 23 వీపున అలాగే ఉండగా, బూట్లు తొడుక్కుని తాళ్ళు కట్టుకుంది.